పెద్దమ్మ పాటకి ఎన్ని లఫ్స్ పెట్టాలి?

జులై మొదటి వారం

సంక్రాంతికి వదిలిన మా పాట లౌడ్‌నెస్ మైనస్ 7.8 లఫ్స్ (పాట చెవికి ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ బిగ్గర). అప్పుడు ఆ అంకె చూసి తెగ మురిసిపోయాను. మల్కాజిగిరిలో మా గదిలోని చిన్న స్పీకర్లు అదిరిపోయాయి మరి. తీరా స్ట్రీమింగ్‌లో వేరే పాటల మధ్య వింటే మాదే చప్పగా, పల్చగా ఉంది. ఎందుకో ఆరు నెలల దాకా పట్టించుకోలేదు. మొన్న యూట్యూబ్‌లో ఆ పాట మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నర్డ్స్' తెరిచాను. కంటెంట్ లౌడ్‌నెస్ 6.2 డీబీ (డెసిబెల్స్), నార్మలైజ్డ్ 49 శాతం అని ఉంది. అంటే నేను లిమిటర్‌తో (సౌండ్ ఒక హద్దు దాటి ఎగిరితే కోసే ప్లగిన్) తోసి తోసి పెంచినదంతా వాళ్లు మళ్లీ కిందికి దించి మైనస్ 14 దగ్గర కూర్చోబెట్టారు. పెరిగిన సౌండ్ పోయింది, పెంచడం కోసం నలగ్గొట్టిన డప్పు మాత్రం అలాగే మిగిలింది.

ఈసారి బతుకమ్మ పాట. జనగామ నుంచి పెద్దమ్మ వచ్చి పాడుతుంది. చిన్నమ్మలు, వదిన చప్పట్లు కొడతారు, తమ్ముడిది డప్పు. సెప్టెంబరు మొదటి వారానికి మాస్టర్, అంటే విడుదల చేసే చివరి ఫైల్, చేతిలో ఉండకపోతే పండగకి పాట అందదు.

లఫ్స్ కొత్తగా వింటున్నవాళ్లకి రెండు ముక్కలు. పీక్ మీటర్ చూపించేది సిగ్నల్ ఎక్కడిదాకా ఎగిరిందన్నది. చెవికి ఎంత బిగ్గరగా ఉందో అది చెప్పదు. దానికోసం 2006లో ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంఘం) వాళ్లు బీఎస్ 1770 అనే కొలత పద్ధతి ఇచ్చారు. అందులో బాగా కింది బేస్‌కి విలువ తక్కువ, పై ఫ్రీక్వెన్సీలకి కాస్త ఎక్కువ. పాట మొత్తానికి వచ్చే అంకె ఇంటిగ్రేటెడ్, 3 సెకన్లకి వచ్చేది షార్ట్ టర్మ్, 400 మిల్లీసెకన్లకి వచ్చేది మొమెంటరీ. నేను వాడేది ఉచితంగా దొరికే యూలీన్ మీటర్. రికార్డింగ్, మిక్స్ అంతా రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో.

జులై మూడో వారం

రెండు ఆదివారాలు బోనాలకే పోయాయి. వీధిలో పోతురాజు, డప్పులు, డీజే, ఇంట్లో మేం కిటికీలు మూసుకుని చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ఫ్యాన్ వేస్తే హోరు, ఆపితే పెద్దమ్మకి ఉక్క. చివరికి మంగళవారం రాత్రి పదిన్నరకి మొదలుపెడితే మూడో టేక్‌లో సరిగ్గా పల్లవి మీద రైలు కూత పడింది. ఐదో టేక్ ఉంచుకున్నాం. మైక్ కేబుల్ గరగరమంటుంటే మర్నాడు కోఠి గుజరాతీ గల్లీకి పోయి కొత్తది తెచ్చాను.

మిక్స్ పూర్తయ్యాక కొలిస్తే: పీక్ మైనస్ 3, ఇంటిగ్రేటెడ్ మైనస్ 23.

ఈ రెండు అంకెల మధ్య 20 డీబీల తేడా ఉంది. ఇంత తేడా ఎందుకుందో అప్పుడే అడగాల్సింది. అడగలేదు.

ఆగస్టు మొదటి వారం

మైనస్ 14 కావాలి కదా అని 9 డీబీలు పెంచాను. లెక్క చూడండి. మైనస్ 3లో ఉన్న పీకులు ప్లస్ 6కి పోతాయి. లిమిటర్ సీలింగ్, అంటే అది దాటనివ్వని హద్దు, మైనస్ 1. అంటే ప్రతి గట్టి చప్పట్టుకీ లిమిటర్ 7 డీబీలు కోయాలి. కోసింది కూడా. అయితే అది చప్పట్టుని ఒక్కదాన్నే కోయదు, ఆ క్షణంలో ఉన్నదాన్నంతటినీ కోస్తుంది. చప్పట్టు పడ్డప్పుడల్లా పెద్దమ్మ గొంతు గుటుక్కున మునిగి మళ్లీ తేలుతోంది. గంటల తరబడి వింటున్న నా చెవికి అది తెలియలేదు. ఫైల్‌ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా జనగామకి పంపిస్తే పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"ఏం బిడ్డా, నా గొంతు బాయిలకెళ్లి ఇనవడుతందేంది? సప్పట్లు గూడ మెత్తగయినయ్."

లిమిటర్ సెట్టింగులన్నీ మార్చి చూశాను. రిలీజ్ టైమ్ (కోసిన సౌండ్ మళ్లీ లేవడానికి పట్టే సమయం) పెంచితే గొంతు ఇంకాసేపు మునిగింది, తగ్గిస్తే డప్పు చిరచిరలాడింది. మాస్టర్ ఛానల్లో ఎంత గింజుకున్నా ఇది తీరదని ఒప్పుకోవడానికి నాలుగు రాత్రులు పట్టింది.

ఆగస్టు రెండో, మూడో వారాలు

అసలు పని ఇక్కడే జరిగింది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

చప్పట్లని మైక్‌కి అడుగు దూరంలో నిలబెట్టి రికార్డ్ చేశాం. పైగా అరచేతులు చాచి కొట్టారు. అలా కొడితే సూదిలా సన్నని పీక్ వస్తుంది. పీక్ మీటర్ మీద ఆకాశానికి పోతుంది, చెవికి మాత్రం అంత బిగ్గరగా అనిపించదు. మళ్లీ పిలిచి, వాళ్లని హాల్లో ఆరడుగుల దూరంలో నిలబెట్టి, చేతులు కొంచెం దోసిలిలా వంచి కొట్టమన్నాను. "పూల చుట్టూ తిరిగేటప్పుడు మేం కొట్టేది ఇట్లనే. నువ్వే అప్పుడు గట్టిగ కొట్టుమంటివి" అంది చిన్నమ్మ. నిజమే, మొదటిసారి అలా కొట్టమన్నది నేనే. నాలుగు టేకులు తీసి ఒకదాని మీద ఒకటి వేశాను. నలుగురి చేతులూ ఒకే క్షణాన పడవు కాబట్టి పీక్ చెదిరి చప్పుడు వెడల్పయింది. ఆ నాలుగింటినీ ఒక బస్‌లో (కొన్ని ట్రాకులు కలిసే ఛానల్) కలిపి, క్లిప్పర్‌తో కొసలు 3 డీబీలు మాత్రం తీశాను. క్లిప్పర్ చప్పట్ల బస్ మీదే ఉంది, గొంతుని ముట్టదు.

రెండో దొంగ డప్పు. దగ్గర మైక్ వల్ల కింద గుమ్మనే మోత ఎక్కువ పట్టింది. ముందు చెప్పానుగా, లఫ్స్ కొలతలో బాగా కింది బేస్‌కి విలువ తక్కువ. అంటే ఆ గుమ్ము లౌడ్‌నెస్‌కి పెద్దగా కలిసిరాదు, హెడ్‌రూమ్ (పీక్ పైన మిగిలే ఖాళీ) మాత్రం తినేస్తుంది. ఫోన్ స్పీకర్లో అసలు వినపడనే వినపడదు. డప్పు మీద 60 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకంటే కింది మోతని తీసేసే ఫిల్టర్) పెట్టి, 110 చుట్టుపక్కల 3 డీబీలు తగ్గించాను. గొంతు మీద హైపాస్ 100 దగ్గర. ఫ్యాన్ ఆపినా కింది రోడ్డు మీద లారీల మూలుగు దానికి పట్టింది, అదీ పోయింది.

మళ్లీ కొలిస్తే పీక్ మైనస్ 3, ఇంటిగ్రేటెడ్ మైనస్ 18.5. లిమిటర్ ముట్టుకోకుండానే నాలుగున్నర డీబీలు కలిసొచ్చాయి! ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

ఆగస్టు చివరి వారం

ఇప్పుడు ఎంత పెంచాలి? మూడు మాస్టర్లు తీశాను: మైనస్ 14కి ఒకటి, 13కి అటూ ఇటూగా ఒకటి, మైనస్ 10కి ఒకటి. మూడింటినీ రీపర్‌లో ఒకే లౌడ్‌నెస్‌కి నార్మలైజ్ చేసి, పేర్లు కనబడకుండా తమ్ముడి చేత మార్చి మార్చి వేయించుకుని విన్నాను. ఈ ఒక్క పని చేయకపోతే మిగతాదంతా దండగ, ఎందుకంటే సౌండ్ ఎక్కువున్నది ఎప్పుడూ మంచిగానే వినబడుతుంది. సమానం చేసి వింటే మైనస్ 10లో చప్పట్లు అట్టముక్క మీద కొట్టినట్టున్నాయి. మిగతా రెండింటికీ తేడా నేను పట్టలేకపోయాను, తమ్ముడూ పట్టలేకపోయాడు.

తేడా లేనప్పుడు బిగ్గరగా ఉన్నదే ఉంచాను. మా చుట్టాలు వినేది వాట్సాప్‌లో, అక్కడ నార్మలైజేషన్ లేదు. 6 డీబీల గెయిన్ (పెంపు), సీలింగ్ మైనస్ 2. గట్టి చోట్ల లిమిటర్ 5 డీబీలు తీస్తోంది, మామూలుగా రెండు మూడు. చివరి అంకె మైనస్ 12.9.

సీలింగ్ మైనస్ 2 ఎందుకంటే, మైనస్ 14 కంటే బిగ్గరగా ఉన్న మాస్టర్‌కి ట్రూ పీక్ (శాంపిళ్ల మధ్య ఎగిరేది కూడా కలిపిన అసలు పీక్) మైనస్ 2 కంటే కింద ఉంచమని స్పాటిఫైవాళ్ల సలహా. సంక్రాంతి పాట సీలింగ్ మైనస్ 0.3. శాంపిల్ పీక్ మీటర్ బాగుందనే చెప్పింది, కానీ శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య ఎగిరే పీకులు అందులో కనబడవు. ట్రూ పీక్ మీటర్‌లో పెడితే సున్నా దాటి ఉంది. దాన్నే 128 ఏఏసీగా (స్ట్రీమింగ్‌లో వాడే కుదించిన ఫైల్) మార్చి కొలిస్తే ఇంకాస్త పెరిగింది. ఈసారి ఫైల్‌ని ఏఏసీ చేసి చూశాను, సున్నాకి ఒక డీబీకి పైగానే కింద ఉంది.

ఇంకో తంటా ఆలాపనతో. మొదటి 22 సెకన్లు పెద్దమ్మ ఒక్కతే మెల్లగా అందుకుంటుంది, షార్ట్ టర్మ్ మైనస్ 26 చుట్టుపక్కల. ఈ మెల్లటి భాగం సగటుని కిందికి లాగుతుందేమో అని నాకు టెన్షన్. లాగదు. మీటర్‌లో గేట్ ఉంది: పాట సగటు కంటే 10 దాటి కిందున్న భాగాలని లెక్కలోంచి తీసేస్తుంది. కొలతకి అక్కర్లేకపోయినా వినేవాళ్లకి అక్కరే. మెట్టుగూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేట దాకా ఇయర్‌ఫోన్స్‌లో విన్నాను, రైలు హోరులో ఆలాపన మాయం. ఆ 22 సెకన్లని చేత్తో, వాల్యూమ్ ఆటోమేషన్‌తో 2.5 డీబీలు పెంచాను. ఇంటిగ్రేటెడ్ అంకె దాదాపు కదల్లేదు.

సెప్టెంబరు మొదటి వారం

ఫైల్ అప్‌లోడ్ చేశాను. 24 బిట్ వేవ్, 48 కిలోహెర్ట్జ్. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి చూస్తే కంటెంట్ లౌడ్‌నెస్ 1.1 డీబీ, 88 శాతం. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో కూడా అంతే తగ్గాలి, దాని గురి మైనస్ 14 కాబట్టి. ఆపిల్ మ్యూజిక్‌లో సౌండ్ చెక్ ఆన్‌లో ఉంటే మైనస్ 16కి దిగుతుంది, ఇంచుమించు 3 డీబీలు. తగ్గిస్తే తగ్గించనీ, ఈసారి నలిగిందేమీ లేదు.

జనగామకి మళ్లీ డాక్యుమెంట్‌గా పంపాను. పెద్దమ్మ సాయంత్రం ఫోన్ చేసింది. "ఇప్పుడు నా లెక్కనే ఉంది బిడ్డా. గా డప్పే జర తక్కువైంది." తమ్ముడికి ఈ మాట ఇంకా చెప్పలేదు.

ఇక మిగిలింది రెండో పాట, జోలపాట. డప్పు లేదు, చప్పట్లు లేవు. మైనస్ 17.5 ఉంది, ట్రూ పీక్ మైనస్ 2.2. యూట్యూబ్ దీన్ని పెంచదు. స్పాటిఫై పెంచుతుంది కానీ పీక్ పైన ఒక డీబీ ఖాళీ ఉంచుకుంటుంది, అంటే పెరిగేది 1.2 మాత్రమే. రెండు పాటలూ ఒకే ఆల్బమ్‌లో వరసగా వింటే స్పాటిఫై రెండింటికీ ఒకటే గెయిన్ వేస్తుంది, మధ్య తేడా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. జోలపాట బతుకమ్మ పాట కంటే నాలుగున్నర డీబీలు కింద ఉండడం నా చెవికి ఎక్కువే అనిపిస్తోంది. ఒక డీబీ, మహా అయితే ఒకటిన్నర పెంచి చూస్తాను. అంతకంటే పెంచితే పిల్లలు లేస్తారని వదిన అప్పుడే అనేసింది.