దక్కనీ గొర్రె ఉన్ని, తోలు: పని ఎక్కడిదాకా వచ్చిందంటే

చిత్రదుర్గ వైపు గొర్రెలు కాసేవాళ్ల దగ్గర తెచ్చిన దక్కనీ (దక్కన్ పీఠభూమి నాటు గొర్రె జాతి) నల్ల ఉన్ని ఉతకడం అయిపోయింది. దుమ్ము, పల్లేరుకాయలు పోయాక కిలోకి ముప్పావు కిలో తేలింది. కుంకుడు రసం కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి ఊరుకోవాలి, పిసికితే ఉండ కడుతుంది, జాడించే నీళ్లు కూడా అంతే వెచ్చగా ఉండాలి. బెంగళూరు ముసురుకి మేడ మీద ఆరేది కాదు కాబట్టి పాత దోమతెర మీద పరిచి ఫ్యాన్ వేశా.

స్వెట్టర్ అల్లుతావా అని అడిగేవాళ్లకి ఒకటే జవాబు: ఇది మెరినో గొర్రెల మెత్తటి ఉన్ని కాదు, ఒంటికి గీరుకుంటుంది. గొంగళ్లకి వాడే ముతక ఉన్ని, దాన్ని మెత్తగా చేయాలని తంటాలు పడటం దండగ, అందుకే కింద పరుచుకునే ఆసనం నేస్తున్నా. తకిలి (చేత్తో తిప్పే కదురు) మీద సన్నగా లాగితే తెగుతోంది, కాస్త లావుగా వడికి, రెండు పోగులు ఎదురు పురితో పేనితే గట్టిగా నిలుస్తోంది. గొంగడి నేసేవాళ్లలాగే పడుగుకి (మగ్గం మీద నిలువు పోగులకి) చింతగింజల గంజి పెట్టా. రంగు అద్దే పనే లేదు, పుట్టుకతోనే నలుపు.

ఆ కాపరుల మందలో అసలు దక్కనీవి కొన్నే ఉన్నాయి. డబ్బంతా మాంసంలోనే ఉంది, ఉన్నికొచ్చే డబ్బు కత్తిరింపు కూలీకే చాలదు. నెల్లూరు జాతి పొట్టేళ్లతో దాటిస్తే పిల్లలు బరువు పెరుగుతాయి గానీ ఉన్ని బాగా తగ్గిపోతుంది. వాళ్లని తప్పుపట్టలేం, కొనేవాళ్లే లేనప్పుడు ఎవరి కోసం పెంచాలి?

ఇక తోలు. తీసిన వెంటనే దాని బరువులో సగం ఉప్పు పట్టించాలి, ఆలస్యమైతే ఉన్ని ఊడొస్తుంది. ఇంటికొచ్చాక నానబెట్టి, లోపలి కొవ్వు, పొర గీకేసి, లీటరు నీటికి 100 గ్రాముల పటిక, 50 గ్రాముల ఉప్పు చొప్పున కలిపి ప్లాస్టిక్ బకెట్‌లో ఊరేశా. ఉప్పు తగ్గిస్తే తోలు ఉబ్బుతుంది. అసలు చాకిరీ ఆరేటప్పుడే, సగం తడి ఉండగా బల్ల అంచుకేసి అటూ ఇటూ లాగుతూనే ఉండాలి, భుజాలు పడిపోయాయి! మెడ దగ్గర ఇంకా అట్టలా ఉంది, తడిపి మళ్లీ లాగాలి. పటికతో పదును చేసినదాన్ని ఉతికితే పటిక కొట్టుకుపోయి తోలు బిగుసుకుపోతుంది, కాబట్టి ఇది కుర్చీ మీదికే. తర్వాతి తోలుకి పటిక బదులు తంగేడు చెక్క (బెరడు) వాడదామని ఉంది, బెంగళూరులో విడిగా ఎక్కడ అమ్ముతారో తెలిస్తే చెప్పండి.