హీటర్ పైపులు, రేడియేటర్ పైపులు మార్చడం: నా అనుభవం

నా పాత ఆల్టోలో రేడియేటర్ పై పైపు, కింది పైపు, హీటర్‌కి వెళ్లే పైపు, తిరిగొచ్చే పైపు నాలుగూ ఒకేసారి మార్చాను. లీకైంది హీటర్ పైపు ఒక్కటే. కానీ నాలుగింటిదీ ఒకే వయసు రబ్బరు, కూలెంట్ (ఇంజన్ వేడిని మోసుకెళ్లే ద్రవం) ఎలాగూ దించాల్సిందే.

పైకి నల్లగా నిగనిగలాడుతోందని పైపును నమ్మకూడదు. అది లోపలి నుంచి పగులుతుంది, అదీ ఎక్కువగా పైపును బిగించే క్లిప్పు పక్కనే. ఇంజన్ పూర్తిగా చల్లారాక క్లిప్పుకి అంగుళం, రెండంగుళాల దూరంలో ఒకసారి, మధ్యలో ఒకసారి నొక్కి చూడాలి. మధ్యలో గట్టిగా ఉండి చివర మెత్తగా అణిగినా, లోపల పగుళ్లు వేలికి తెలిసినా మార్చేయడమే. ఆయిల్ పడి ఉబ్బిన పైపయితే ముందు ఆ ఆయిల్ లీకు ఆపాలి. ఈ రబ్బరుకి ఆయిల్ పడదు, కొత్తదీ అలాగే పాడవుతుంది.

వంపులున్న పైపులకు అదే మోడల్‌కి ఆ వంపుతోనే అచ్చుపోసి వచ్చే పైపులే కొనాలి. మీటరు లెక్కన అమ్మే తిన్నటి పైపును వంచి బిగిస్తే, వేడెక్కాక వంపు దగ్గర నలిగి నీటి దారి మూసుకుంటుంది. కొన్ని కార్ల కింది పైపులో స్ప్రింగు ఉంటుంది. పంపు లాగుడికి పైపు చప్పిడి కాకుండా ఆపేది అదే, కాబట్టి పాతదాంట్లో ఉంటే కొత్తదాంట్లోనూ ఉండాలి.

రేడియేటర్ మూత చల్లారాకే తీయాలి. కూలెంట్‌ను బకెట్‌లోకి దించి, ఎన్ని లీటర్లు వచ్చిందో కొలిచి రాసుకోవాలి. ఆ అంకె చివర్లో అవసరం. కూలెంట్‌లోని ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, కుక్కలు నాకుతాయి. బకెట్ అక్కడే వదిలేయకండి.

అసలు ప్రమాదం పాత పైపు ఊడదీయడంలో ఉంది. అది నెక్‌కి, అంటే పైపు తొడిగే పొట్టి గొట్టానికి, అతుక్కుపోయి ఉంటుంది. బలంగా లాగితే రేడియేటర్ ప్లాస్టిక్ నెక్ విరుగుతుంది. హీటర్ కోర్ (డాష్‌బోర్డు వెనుక ఉండే చిన్న రేడియేటర్ లాంటిది) గొట్టాలు ఇంకా పల్చన, అవి కదిలితే డాష్‌బోర్డు విప్పాల్సి రావచ్చు. పైపు ఖరీదు వందల్లో, ఆ పని వేలల్లో. ఎలాగూ పారేసేదే కనుక బ్లేడుతో పైపును నిలువునా చీల్చి, అరటి తొక్కలా ఒలిచేయాలి. బ్లేడు గీత నెక్ మీద పడితే మాత్రం అక్కడే కారుతుంది.

నెక్ మీది తెల్లటి పొక్కును సన్నటి ఎమరీ పేపరుతో తీసేయాలి. కొత్త పైపు ఎక్కడానికి లోపల కాస్త కూలెంట్ రాస్తే చాలు. గ్రీజు వద్దు. క్లిప్పు నెక్ చివరి గట్టు దాటి లోపలి వైపు కూర్చోవాలి. కంపెనీ స్ప్రింగు క్లిప్పులు బాగుంటే వాటినే వాడండి, రబ్బరు అణిగేకొద్దీ అవే బిగుసుకుంటాయి. స్క్రూ క్లిప్పులయితే రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించాలి. కానీ అతిగా బిగిస్తే రబ్బరు తెగుతుంది.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. రెడీమిక్స్ డబ్బా అయితే నీళ్లు కలపకూడదు. బోరు నీళ్లు పోస్తే సున్నం పేరుకుంటుంది.

ఇక గాలి తీయడం. బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలిపి, హీటర్ మీటను పూర్తిగా వేడి వైపు తిప్పి, మూత తెరిచి మెల్లగా నింపాలి. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉంచి, వేడెక్కక ముందే పై పైపును వేళ్లతో నొక్కి వదులుతుంటే బుడగలు వస్తాయి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా పడుతుంది, అప్పుడు మళ్లీ పోయాలి. మూత బిగించి రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయి ఆగే దాకా చూడాలి. దించింది 2.5 లీటర్లు, పట్టింది 2 లీటర్లే అయితే మిగతా అర లీటరు చోటులో గాలి ఉన్నట్టు. డాష్‌బోర్డు వెనుక గలగల వినిపించినా, హీటర్ నుంచి చల్లగాలి వచ్చినా అదే కారణం. బండి చల్లారాక మళ్లీ నింపాలి.

మన ఎండలకి హీటర్ ఎందుకని కొందరు మెకానిక్‌లు ఇంజన్ వైపున్న రెండు హీటర్ కొసల్నీ ఒక పైపు ముక్కతో కలిపేస్తారు, పనిలో పనిగా థర్మోస్టాట్ కూడా పీకేస్తారు. మొదటిది చేస్తే వానల్లో అద్దం మీది మంచు పోగొట్టడానికి వేడిగాలి ఉండదు. రెండోది చేస్తే ఇంజన్ సరైన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పని ఇచ్చేముందే రెండూ వద్దని చెప్పండి.