పెరటి పొయ్యికి రెండు ప్లాన్లు

"అమ్మా, ఇందులో ఏం రాశావో నాకు చదవడం రావట్లేదు. ఇది మన వంటగదే కదా?" అన్నాడు మా వాడు, కాగితం అటూ ఇటూ తిప్పి చూసి.

ఒడిశాలోని బరంపురంలో మా పెరట్లో కట్టించబోయే వంటగదికి గళ్ల కాగితం మీద నేను గీసుకున్న ప్లాన్ అది. గట్టు, పొయ్యి, సన్నికల్లు, తూము అని అన్నీ తెలుగులోనే రాశాను. వాడు చూసి నేర్చుకుంటాడని కావాలనే రాశాను. బడిలో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరాలు రావు. ప్రతి ఆదివారం దిద్దిస్తానని అనుకోవడమే, ఆ పూటకి ఏదో పని పడుతుంది. తప్పు నాదే.

టెక్కలిలో మా అమ్మ పెరట్లో కర్రల పొయ్యి మీద ఆవపెట్టిన పనసపొట్టు కూర ఉడుకుతుంటే వీధి చివరికి వాసన వచ్చేది. అది వీడికి తెలియాలని నా పట్టుదల. అందుకే నేను నిలబడి వండుకోవడానికి 34 అంగుళాల గట్టు, అమ్మ వచ్చినప్పుడు పీట మీద కూర్చుని వండడానికి పక్కనే ఇటుకల పొయ్యి అనుకున్నాను. తర్వాత భయమేసింది. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేలబారున పాకుతుంది. సిలిండర్ పెట్టే అరకి అడుగునే గాలి కన్నాలుండాలి, కర్రల పొయ్యి దానికి బాగా దూరంగా ఉండాలి. మీరు కట్టించుకున్నా ఇది మరవకండి. పైకప్పుకి రేకులు మాత్రం వద్దన్నాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా పెరటి రేకులు ఎగిరిపోయాయి, ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. స్లాబే వేయిస్తున్నాం, పొగ పోవడానికి రెండు వైపులా గోడ లేకుండా.

సాయంత్రానికి మా వాడు తన ప్లాన్ తెచ్చాడు. గ్యాస్ పొయ్యికి 'చులి', సన్నికల్లుకి 'శిళ' అని ఒడియాలో రాశాడు. నీడపట్టున ఒక మూల గుండ్రంగా గీసి 'పఖాళ హాండి' అని పెట్టాడు. హాండి అంటే కుండ, పఖాళ అంటే ఒడియావాళ్ల చద్దన్నం. ఎండాకాలమంతా వాడు ఇష్టంగా తినేది అదే. అన్నం నీళ్లలో నానబెట్టేది నేనే. అయినా నా ప్లాన్‌లో ఆ కుండకి చోటే లేదు. మా చిన్నప్పటి చద్దన్నం ఏ కుండలో ఉండేదో మాత్రం నాకు బాగా గుర్తుంది.

బజారులో, పక్కింట్లో, గ్యాస్ తెచ్చే అబ్బాయితో రోజంతా నేను మాట్లాడేది ఒడియానే. తెలుగే మాట్లాడాలని పట్టుబట్టేది ఒక్క వీడి దగ్గరే. అది వాడి కోసమో, నా కోసమో ఈమధ్య నాకే తెలియడం లేదు.

మేస్త్రి ఒడియా ఆయన. నిన్న వచ్చి వాడి కాగితమే తీసుకున్నాడు, ఆయన చదవగలిగింది అదే మరి. అందులో అమ్మ పొయ్యి లేదు. చెప్తే మా వాడు అక్కడే కూర్చుని, సిలిండర్‌కి దూరంగా ఆ చివర చిన్న చతురస్రం గీశాడు.

"దీనికేం రాయనమ్మా?"

నీ ఇష్టం అనాలనుకున్నాను, నోరు రాలేదు. "పొయ్యి" అన్నాను.

ఒడియా అక్షరాల్లో 'పొయ్యి' అని రాసి ఇచ్చాడు. మేస్త్రి కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు.