పాస్‌వర్డ్ మార్చాను, దొంగ మాత్రం కదల్లేదు

నా ఈమెయిల్ నిన్న రాత్రి పూర్తిగా నా చేతికొచ్చింది. పదకొండు రోజులు పట్టింది. కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నాను.

మెయిల్‌బాక్స్ నిండిపోయింది, 24 గంటల్లో లాగిన్ కాకపోతే మూసేస్తామని ఒక మెయిల్ వచ్చింది. పని తొందరలో లింక్ నొక్కాను. పేజీ అచ్చం రోజూ చూసేదే. ఒక్కటే తేడా: ఎప్పుడూ తనంతట తానే నిండే పాస్‌వర్డ్ ఆ రోజు నిండలేదు. బ్రౌజర్ సైటు అడ్రస్ చూసి నింపుతుంది, అడ్రస్ వేరైతే నింపదు. అది నాకు అప్పుడు తెలియదు. విసుగ్గా చేత్తో కొట్టాను. తర్వాత, పాస్‌వర్డ్‌కి తోడుగా ఫోన్‌లోని యాప్ చూపించే కోడ్ అడిగితే అదీ కొట్టాను. యాప్‌లో కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది కదా అని ధీమా. ఆ 30 సెకన్లలోనే వాడు దాన్ని అసలు సైటులో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బాబాయి ఫోన్. "ఆస్పత్రిలో ఎలా ఉన్నావు తల్లీ? డబ్బు అందిందా?"

పాస్‌వర్డ్ మార్చడం, అన్ని పరికరాల్లో లాగౌట్ చేయడం పది నిమిషాల పని. అయిపోయిందనుకున్నాను.

తొమ్మిదో రోజున అక్క నిలదీసింది. "నీ పేరుతో ఏవేవో మెయిళ్లు వస్తున్నాయి, హ్యాక్ అయిందేమో చూసుకోమని మూడుసార్లు రాశాను. ఒక్కదానికీ పలకవేం?" నాకు ఒక్కటీ రాలేదన్నాను. నమ్మలేదు. పక్కనే ఉన్న బాబాయి ఫోన్ నా ముందు పెట్టాడు. "ఏ ఆస్పత్రి అని నేనడిగితే నువ్వేగా జవాబిచ్చావు?" నిజమే, నా పేరు, నా ఫొటో. నలుగురిలో నేను అబద్ధాలకోరునయ్యాను. "చదువుకున్నదానివి" అని ఎవరో అన్న మాట ఇంకా గుచ్చుకుంటోంది.

మెయిల్ కంపెనీ సహాయ చాట్‌లో మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ పాస్‌వర్డ్ మార్చమనే చెప్పారు. మార్చానని చెప్పినా వినిపించుకోలేదు. ఆ జవాబు రాసినవాళ్లెవరికీ తమ ఖాతా ఎప్పుడూ పోయి ఉండదు.

చివరికి నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. వేరే అడ్రస్ నుంచి నాకు నేనే రెండు మెయిళ్లు పంపుకున్నాను. ఉత్త మెయిల్ వచ్చింది. ఇంగ్లిషులో 'మనీ' అన్న మాట పెట్టింది రాలేదు. చెత్తబుట్టలో చూస్తే అక్కడుంది, చదివేసినట్టు గుర్తుతో. అక్క రాసిన మూడూ దాని కిందే. సెట్టింగుల్లో ఫిల్టర్లు తెరిస్తే నేను పెట్టని వరుస ఒకటి కనిపించింది: మనీ, హ్యాక్, ఫేక్, స్కామ్, ఈ మాటల్లో ఏదున్నా చదివినట్టు గుర్తు పెట్టి తీసేయ్. దాని పక్క ట్యాబ్‌లో ఫార్వర్డింగ్. నాకొచ్చే ప్రతి మెయిల్ కాపీ ఒక అడ్రస్‌కి వెళ్తోంది. చూడ్డానికి నా అడ్రసే. కళ్లు చికిలించి చూస్తే ఎల్ అక్షరం ఉండాల్సిన చోట ఒకటి అంకె ఉంది. బాబాయికి జవాబిచ్చిందీ ఆ అడ్రసే. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఈ రెండూ అలాగే ఉంటాయి. ఈ ముక్క నాకు ఒక్కరూ చెప్పలేదు!

ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, ఖాతా పోతే తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చే రికవరీ నంబరు, ఖాతాకు తగిలించిన బయటి యాప్‌లు, ఈ నాలుగూ ఇవాళే చూసుకోండి. కొన్ని చోట్ల పాస్‌వర్డ్ మార్చినా యాప్‌కిచ్చిన అనుమతి పోదు. కుదిరితే పాస్‌కీ పెట్టుకోండి, అంటే పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో లాగిన్ కావడం, అది దొంగ పేజీలో పనిచేయదు. పాస్‌వర్డ్ దానంతటది నిండకపోతే మాత్రం చేత్తో కొట్టకండి, చెయ్యి అక్కడే ఆపేయండి.

మావాళ్లలో ఆరుగురి ఖాతాలు నేనే కూర్చుని వెతికాను. పిన్ని మెయిళ్లు ఆవిడ ఎప్పుడో మానేసిన పాత అడ్రస్‌కి ఇంకా పోతూనే ఉన్నాయి. ఆపించాను. "చదువుకున్నదానివి" అన్నాయన కూడా ఫోన్ నా చేతికిచ్చాడు.

బాబాయి పంపిన డబ్బు బ్యాంకుకు చెప్పేసరికే వేరే ఖాతాలకు దాటిపోయింది. వద్దు వద్దంటున్నా నెలనెలా కొంత కడుతున్నాను. మొదటి వాయిదా ఇవాళ పొద్దున వేశాను. వేసే ముందు ఫోన్ చేసి, ఆయన గొంతు విని, ఖాతా నంబరు ఆయన నోటితోనే చెప్పించుకున్నాను.