క్విజ్ ప్రోగ్రామ్‌ను ఫైళ్లుగా విడదీశాక స్కోర్ సున్నా దగ్గరే ఎందుకు ఆగింది

పైథాన్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటూ రాస్తున్న క్విజ్ ప్రోగ్రామ్ ఒకే ఫైల్‌లో పెరిగిపోయి, ఏ ఫంక్షన్ ఎక్కడుందో వెతుక్కోవలసి రావడంతో, దానిని మెయిన్, ప్రశ్నలు, స్కోర్ అనే మూడు మాడ్యూళ్లుగా (వేర్వేరు కోడ్ ఫైళ్లుగా) విడదీశాను. కొత్త సదుపాయమేదీ చేర్చలేదు. ఫంక్షన్ల లోపలి కోడ్‌ను ఉన్నది ఉన్నట్టుగానే తరలించాను. అయినా ప్రోగ్రామ్ మూడు చోట్ల చెడింది.

మొదటివి నేమ్ ఎర్రర్లు, అంటే వాడిన పేరు ఏమిటో తెలియదని పైథాన్ చేసే ఫిర్యాదులు. ప్రశ్నలను కలగాపులగం చేసే ఫంక్షన్ కొత్త ఫైల్‌కు వెళ్లింది గానీ, అది వాడుకునే ర్యాండమ్ మాడ్యూల్‌ను తెచ్చుకునే ఇంపోర్ట్ వరుస పాత ఫైల్‌లోనే ఉండిపోయింది. ఇలాంటివి ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఎక్కడ వచ్చిందో చూపే సందేశం) చివరి వరుస చూడగానే తెలిసిపోతాయి. అయితే ఫంక్షన్‌ను పిలిచేదాకా అందులోని నేమ్ ఎర్రర్ బయటపడదు కాబట్టి, ప్రోగ్రామ్ మొదలైందన్న ధీమాతో ఆగకుండా మెనూలోని ప్రతి ఎంపికనూ ఒకసారి నడిపి చూడాలి.

రెండవది సర్క్యులర్ ఇంపోర్ట్. మెయిన్ ఫైల్ ప్రశ్నల మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేస్తుండగా, ప్రశ్నల మాడ్యూల్ ఒక్క స్థిర విలువ కోసం తిరిగి మెయిన్‌ను ఇంపోర్ట్ చేస్తోంది. మాడ్యూల్ ఇంకా సగమే సిద్ధమైందనీ, కారణం బహుశా సర్క్యులర్ ఇంపోర్ట్ కావచ్చనీ పైథాన్ తన ఎర్రర్ సందేశంలోనే చెప్పింది. రెండు ఫైళ్లకూ కావలసిన స్థిర విలువలను సెట్టింగ్స్ అనే నాలుగో ఫైల్‌లోకి మార్చడంతో అది తీరింది.

మూడవది అసలు చిక్కు, ఎందుకంటే ఎర్రర్ ఏదీ రాలేదు. జవాబులన్నీ సరిగా ఇచ్చినా చివరికి స్కోర్ సున్నా అనే చూపించింది. పాయింట్లు కలిపే ఫంక్షన్‌లో ప్రింట్ పెట్టి చూస్తే విలువ సక్రమంగానే పెరుగుతోంది. అప్పుడు ఫలితం చూపించే వరుసకు ముందు, ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి లోపలి విలువలను చూడనిచ్చే డీబగ్గర్‌ను తెరిచే బ్రేక్‌పాయింట్ ఫంక్షన్‌ను ఉంచి (పైథాన్ 3.7 నుంచి దీనికి విడిగా ఇంపోర్ట్ అవసరం లేదు), డీబగ్గర్‌లో స్కోర్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి, మెయిన్‌లోని టోటల్‌ను (స్కోర్‌ను ఉంచే వేరియబుల్), ఆ మాడ్యూల్‌లోని టోటల్‌ను పక్కపక్కన చూశాను. రెండూ వేర్వేరు విలువలు.

స్కోర్ మాడ్యూల్ నుంచి టోటల్‌ను 'ఫ్రమ్' తో ఇంపోర్ట్ చేసినప్పుడు, ఆ క్షణంలో టోటల్ సూచిస్తున్న విలువకు మెయిన్‌లో మరొక పేరు ఏర్పడుతుంది, అంతే. ఆ తరువాత స్కోర్ మాడ్యూల్‌లో టోటల్‌కు పాయింట్లు కలిపినప్పుడు అక్కడి పేరు కొత్త సంఖ్యకు మారుతుంది గానీ, మెయిన్‌లోని పేరు పాత సున్నాను పట్టుకునే ఉంటుంది. పైథాన్‌లో గ్లోబల్ (ఫంక్షన్లన్నిటికీ అందే) వేరియబుల్ అంటే ఆ మాడ్యూల్ వరకే గ్లోబల్; అంతా ఒకే ఫైల్‌లో ఉన్నంతకాలం ఈ తేడా కనిపించే అవకాశమే లేదు.

దీనిని పట్టుకోవడం ఆలస్యమైంది తప్పు జవాబుల లిస్ట్ వల్ల. అదీ సరిగ్గా అలాగే ఇంపోర్ట్ అయినా చక్కగా పనిచేస్తుండటంతో అనుమానం ఇంపోర్ట్ మీదికి పోలేదు. అపెండ్ చేసినప్పుడు (చివర ఒక అంశం చేర్చినప్పుడు) లిస్ట్ మారుతుందే తప్ప పేరు కొత్త లిస్ట్‌కు మారదు కాబట్టి, రెండు ఫైళ్లూ ఒకే లిస్ట్‌ను చూస్తుంటాయి.

మాడ్యూల్‌ను మొత్తంగా ఇంపోర్ట్ చేసి, స్కోర్ డాట్ టోటల్ అని రాస్తే సమస్య అప్పటికప్పుడు తొలగిపోతుంది. నా అభిప్రాయంలో అది తాత్కాలిక వైద్యమే. అందుకే గ్లోబల్ వేరియబుల్‌ను తీసేసి, పాయింట్లు కలిపే ఫంక్షన్ పాత స్కోర్‌ను ఆర్గ్యుమెంట్‌గా (ఫంక్షన్‌కు అందించే విలువగా) తీసుకుని కొత్త స్కోర్‌ను రిటర్న్ చేసేలా మార్చాను. మళ్లీ ఆడే ఎంపికలో తప్పు జవాబుల పేరుకు కొత్త ఖాళీ లిస్ట్‌ను కేటాయించే వరుస కూడా ఇదే చిక్కు తెచ్చేది కనుక, అక్కడ ఉన్న లిస్ట్‌నే ఖాళీ చేసే క్లియర్ మెథడ్‌ను వాడాను. ఫైల్ నుంచి ప్రశ్నలు చదివే భాగం ఇంకా మెయిన్‌లోనే ఉంది. తరువాత కదిలించవలసింది దానినే, ఈసారి ఒక్కో ఫంక్షన్ తరలించాక ప్రోగ్రామ్‌ను నడిపి చూస్తూ.