రెండు ఓడలు, పదహారు బోగీలు

అమ్మానాన్న అమెరికా రావడం అది మూడోసారి. మొదటిసారి నయాగరా, న్యూయార్క్ అయిపోయాయి. రెండోసారి డిస్నీ వరల్డ్ అయిపోయింది, దాంతోపాటు అమ్మ మోకాళ్ళూ అయిపోయాయి. ఇంకెక్కడికి తిప్పాలా అని తల పట్టుకుని కూర్చుంటే, "మనం తిరిగే బదులు హోటలే తిరిగితే పోలా?" అంది మా ఆవిడ. మా ఇంట్లో క్రూజ్, అంటే ఓడలోనే ఉంటూ తిరిగే విహారయాత్ర, మాట అలా పుట్టింది.

మేముండేది అట్లాంటా పక్కన మారియెట్టాలో. మా కౌంటీ స్కూళ్ళకి సెప్టెంబరు చివర్లో వారం రోజులు సెలవిస్తారు. అమ్మానాన్న అప్పటికి ఇక్కడే ఉంటారు. జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలమే గానీ, అందుకే సెప్టెంబరులో రేట్లు వేసవి కంటే బాగా దిగుతాయి. 2025 జనవరిలో వెతకడం మొదలుపెడితే వారం తిరిగేసరికి రెండు ఓడలు మిగిలాయి. రెండూ రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ వాళ్ళవే. ఒకటి ఐకాన్ ఆఫ్ ద సీస్, రెండోది స్టార్ ఆఫ్ ద సీస్.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. పెద్దదీ చిన్నదీ అయితే, కొత్తదీ పాతదీ అయితే ఏదో ఒకటి తేల్చుకోవచ్చు. ఇవి కవలపిల్లలు. రెండూ ఫిన్లాండ్‌లోని తుర్కులో ఒకే షిప్‌యార్డులో కట్టినవి. రెండింటి పొడవూ 365 మీటర్లు, రెండింటికీ 20 డెక్కులు (అంతస్తులు), గదికి ఇద్దరి చొప్పున లెక్కేస్తే రెండింట్లోనూ 5,610 మంది ప్రయాణికులు. గ్రాస్ టన్నేజీ 2,48,663. ఇది బరువు అనుకున్నాను గానీ, ఓడ లోపలున్న చోటుకి కొలతట. టైటానిక్‌ది 46 వేల చిల్లర, అంటే దానికి ఐదు రెట్ల పైమాటే. ఆ సంగతి ఫోన్లో గొప్పగా చెప్పబోతే అమ్మ, "ఆ పేరెత్తకురా, నీకు పుణ్యముంటుంది" అంది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి ఎక్సెల్ షీటు తెరిచాను. ఎడమ వరసలో ఐకాన్, కుడి వరసలో స్టార్. నీటి జారుడుబల్లలు: ఆరు, ఆరు. ముందు భాగంలో గాజు గుమ్మటం కింద నీటి విన్యాసాల థియేటర్: ఉంది, ఉంది. ఓడ మధ్యలో నిజం చెట్లతో తోట: ఉంది, ఉంది. ఐస్ స్కేటింగ్: ఉంది, ఉంది. నాటకం వేరు, డబ్బులిచ్చి తినే ఒక హోటల్ పేరు వేరు. రాత్రి పన్నెండింటికి మా ఆవిడ వెనక నుంచి తొంగిచూసి, "ఇదేంటండీ, రెండు వరసల్లోనూ ఒకటే కాపీ కొట్టారు?" అని నవ్వుకుంటూ వెళ్ళి పడుకుంది.

నిజానికి ఒక తేడా ఉంది. ఐకాన్ 2024 జనవరి నుంచి మయామీలో తిరుగుతోంది. ఏడాది పాటు ఎక్కి దిగినవాళ్ళు తీసిన వీడియోలు కొల్లలు. బాత్‌రూం తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా చూపించేవాళ్ళున్నారు. స్టార్ మాత్రం నేను వెతికేటప్పటికి ఇంకా షిప్‌యార్డులోనే ఉంది. ఆగస్టులో పోర్ట్ కెనావరల్ నుంచి మొదలవుతుందన్నారు. అంటే మేం ఎక్కేనాటికి దాని వయసు నెలకి కాస్త అటూ ఇటూ. కట్టడం పూర్తికాని అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొన్నట్టు, కంప్యూటర్ బొమ్మలు చూసి డబ్బు కట్టాలి. ఆ బాధ అనుభవించినవాణ్ణి కనుక నా మనసు ఐకాన్ వైపే లాగింది.

పిల్లల ఓటూ దానికే. ఆ ఓడకి పేరు పెట్టే వేడుకకి ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీ వచ్చాడని మావాడికి. అందులో రోవర్ అనే గోల్డెన్ రిట్రీవర్ కుక్క ఉంటుందని మా చిన్నదానికి. వాళ్ళకి అంతకుమించి అక్కర్లేదు.

ఇక నాన్న. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. తెనాలిలో ఉంటారు. వాట్సాప్ కాల్లో ఓడ పొడవు చెప్పగానే రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత, "బోగీ ఇరవై రెండు మీటర్ల చిల్లర. అంటే పదహారు బోగీలు" అన్నారు. "మన గది ఎన్నో బోగీలో వస్తుంది?"

నవ్వాను గానీ, నెల రోజులుగా నేను అడగాల్సిన ప్రశ్న అదే. ఏ ఓడ అని కొట్టుకుంటున్నానే గానీ, ఆ ఓడలో ఎక్కడ అని చూడలేదు. పదహారు బోగీల వసారా లాంటి నడవలో మోకాళ్ళ నొప్పి మనిషి పూటకి ఎన్నిసార్లు అటూ ఇటూ నడుస్తుంది? డెక్ ప్లాన్లు ప్రింటు తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచాను. కడుపులో తిప్పకుండా ఉండాలంటే ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో గది మంచిదని అందరూ చెబుతారు. ఊపు తక్కువన్నది నిజమే. కానీ ఈ ఓడల్లో పెద్ద లిఫ్టులు ముందు ఒక చోట, వెనక ఒక చోట ఉంటాయి. మధ్యలో గది అంటే రెండు లిఫ్టులకీ దూరమే. పెద్ద భోజనశాల వెనక వైపు. పిల్లలు ఆడుకునే సర్ఫ్‌సైడ్ అనే చోటూ వెనకే. ముందువైపు తీసుకుంటే రోజుకి మూడు పూటలా భోజనానికి రైలంతా నడవాలి.

వెనక లిఫ్టుల దగ్గర తీసుకుందామని తేలింది. నాన్నకి చెబితే, "వెనకా? మంచిది. గార్డు చివరే ఉండాలి" అన్నారు.

ఈలోపు తెలిసినవాళ్ళు చెప్పారని ఒక ట్రావెల్ ఏజెంటుని పట్టుకున్నాను. పేరెందుకు గానీ, మాట చాలా తీపి. "అంకుల్, ఆంటీలకి బాల్కనీ రూం, అద్భుతమైన రేటు, ఇవాళే లాస్ట్" అని రెండు గంటల్లో మూడుసార్లు ఫోన్. గది నంబరు అడిగి ప్లాన్‌లో చూసుకుంటే రెండు సంగతులు బయటపడ్డాయి. ఆ బాల్కనీ సముద్రం వైపు తెరుచుకోదు, ఓడ లోపలి తోట వైపు తెరుచుకుంటుంది. కొందరికి అది ఇష్టం కూడా, కాదనను. కానీ సముద్రం చూస్తామని ఆశపడి తెనాలి నుంచి వచ్చినవాళ్ళకి ఎదుటివాళ్ళ కిటికీలు చూపిస్తే ఎలా? రెండోది, అది స్విమ్మింగ్ పూల్ డెక్‌కి సరిగ్గా కింద. తెల్లవారుజామున నెత్తిమీద కుర్చీలు బరబరా ఈడుస్తుంటారు. గదికి పైనా కిందా కూడా గదులే ఉండేలా చూసుకోవాలని అప్పుడు తెలుసుకున్నాను. ఆయనకి నమస్కారం పెట్టి నేనే బుక్ చేసుకుందామనుకున్నాను.

'గ్యారంటీ' అని ఇంకో రకం ఉంది. పేరు చూసి మోసపోకండి. గది దొరుకుతుందని మాత్రమే గ్యారంటీ, ఏ గదో వాళ్ళిష్టం. ఇద్దరే వెళ్ళే కుర్రజంటకి చవక బేరం. మోకాళ్ళ నొప్పులున్న ఇంటికి పనికిరాదు.

ఇంతా చేసి ఏ ఓడ అన్నది క్యాలెండరు తేల్చింది. ఐకాన్ మయామీ నుంచి శనివారం బయల్దేరుతుంది. స్కూలు శుక్రవారం మధ్యాహ్నం వదులుతుంది. అట్లాంటా నుంచి మయామీకి కారులో పది గంటలు. రాత్రంతా నడపాలి, లేదా ఆరుగురికి విమానం టికెట్లు కొనాలి. స్టార్ ఆదివారం బయల్దేరుతుంది. పోర్ట్ కెనావరల్ అయితే ఏడు, ఏడున్నర గంటలు. పైగా దానికి గంట ఇవతల ఓర్లాండోలో మా పిన్ని కొడుకున్నాడు. శనివారం పొద్దున బయల్దేరి, సాయంత్రానికి వాడింట్లో చారన్నం తిని పడుకుని, మర్నాడు తాపీగా ఓడ ఎక్కొచ్చు. ఓడ ఎక్కే రోజే దూరం నుంచి బయల్దేరకూడదు. దారిలో టైరు పంక్చరైతే ఓడ ఆగదు. మేం చూసిన రోజున స్టార్‌ రేటు ఐకాన్ కంటే మొత్తం మీద తొమ్మిది వందల డాలర్లు ఎక్కువుంది. ఆరు విమానం టికెట్లు లెక్కేస్తే అది ఎగిరిపోయింది. తిరిగొచ్చేది కూడా ఆదివారమే, సోమవారం స్కూలుంది, ఆ రాత్రి డ్రైవింగ్ నరకమే. అయినా సరే అనుకున్నాం.

స్టార్ ఆ వారం వెళ్ళేది సెయింట్ మార్టెన్, సెయింట్ థామస్, బహమాస్‌లో కంపెనీ వాళ్ళ సొంత దీవి కోకోకే. ఐకాన్‌లో మెక్సికో, హోండురస్ వైపు రేవులు ఎక్కువ. పిల్లలు రేవులు లెక్కపెట్టి పెదవి విరిచారు. నాకు మాత్రం ఓడలోనే గడిపే రోజులు ఎక్కువుండటం లాభంగా కనిపించింది. రేవు అంటే దిగాలి, ఎండలో నడవాలి, మళ్ళీ ఎక్కాలి. కోకోకేలో ఓడ నేరుగా రేవు గట్టుకే ఆనుతుందని చూసుకున్నాను. కొన్ని చోట్ల ఓడ దూరంగా ఆగిపోయి చిన్న పడవలో దింపుతారు, ఊగే పడవలోకి అమ్మని దింపడం నా వల్ల కాదు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. క్రూజ్ ఎక్కితే అమెరికా దాటినట్టే. తిరిగి లోపలికి రావాలంటే అమ్మానాన్నల విజిటర్ వీసా మల్టిపుల్ ఎంట్రీది, అంటే ఒకటి కంటే ఎక్కువసార్లు లోపలికి రానిచ్చేది, అయ్యుండాలి. పాస్‌పోర్టులు ఒరిజినల్స్ వెంట ఉండాలి. మధ్యలో తగిలే దీవి దీవికీ భారతీయులకి వేరే నియమం. ఆయా ప్రభుత్వాల సైట్లలో చూసి, ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను, ఎందుకంటే కాగితం లేక ఎక్కనివ్వకపోతే బాధ్యత ప్రయాణికుడిదే. అమ్మానాన్నలకి ఇక్కడ తీసుకున్న హెల్త్ ఇన్సూరెన్సు సముద్రం మీద పనిచేస్తుందా అని కూడా అడిగాను. పనిచేయదన్నారు. ఓడలో డాక్టరుంటారు, బిల్లూ ఉంటుంది. విడిగా ట్రిప్ ఇన్సూరెన్సు తీసుకున్నాం. తుపాను కాలం కాబట్టి దాని వల్ల కొంచెం నిద్ర పట్టింది.

డిపాజిట్ వెనక్కిచ్చే రకమే తీసుకున్నాను, కొంచెం ఎక్కువైనా. మిగతా డబ్బు ప్రయాణానికి 90 రోజుల ముందు కట్టాలి. అంతవరకూ వారానికోసారి రేటు చూసేవాణ్ణి. ఏప్రిల్లో ఒక మంగళవారం తగ్గింది. ఫోన్ చేసి అడిగితే తగ్గించారు. అమ్మానాన్నలకి పదో డెక్కులో సముద్రం వైపు బాల్కనీ గది, వెనక లిఫ్టులకి నాలుగు తలుపుల అవతల. మాకు నలుగురికీ ఎదురుగా కిటికీ లేని లోపలి గది. ఎలాగూ అందరం వాళ్ళ బాల్కనీలోనే పడి ఉంటామని.

అమ్మ జూన్‌లో వచ్చీ రాగానే అడిగింది: "తిండేం పెడతార్రా వాళ్ళు?" గోంగూర, మాగాయ రెండు సీసాలు పక్కన పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో చేసినవి పట్టుకెళ్ళకూడదు, సీలు తీయనివైతే పరవాలేదు అని చదివాక, ఇండియన్ స్టోర్లో సీలున్న సీసాలు కొన్నాం. తన పచ్చడి ఇంట్లో పెట్టి, కొన్న పచ్చడి వెంట తీసుకెళ్ళడం ఆవిడ జన్మలో అదే మొదలు. అయితే భోజనశాలలో మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పిలిచి ఇండియన్ వెజిటేరియన్ కావాలని చెబితే వారమంతా చేసిపెడతారని క్రూజ్ అలవాటున్న మిత్రులు చెప్పారు. అలాగే చెప్పాను. రెండో రోజు నుంచీ మెనూ కార్డులో లేని పప్పు, కూర మా టేబుల్‌కి వచ్చేవి. ఉప్పు తక్కువని అమ్మ, కారం తక్కువని నాన్న. అది మా ఇంట్లోనూ మామూలే.

కుక్క గొడవ దానంతటదే తీరింది. స్టార్‌లోకీ ఒక గోల్డెన్ రిట్రీవర్ పిల్ల వచ్చిందని, పేరు సెయిలర్ అని తెలిసింది. మా చిన్నది ఆ రోజు నుంచి ఐకాన్ పేరెత్తలేదు. మావాడు మాత్రం ఓడ ఎక్కేదాకా మెస్సీ మెస్సీ అంటూనే ఉన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఎక్కాం. ఈ ఓడల్లో లిఫ్టు బయటే తెర మీద డెక్ నంబరు నొక్కితే ఏ లిఫ్టు ఎక్కాలో అక్షరం చూపిస్తుంది, లోపల మీటలుండవు. నాన్న ఒకసారి ఎక్కి మీట కోసం గోడంతా తడిమారు. గదికి వచ్చాక అమ్మ బాల్కనీలో కుర్చీ లాక్కుని కాళ్ళు చాపుకుంది. నేను నడవలో నిలబడి, లిఫ్టు నుంచి గది తలుపుకి అడుగులు లెక్కపెడుతున్నాను.

నాన్న కనిపించలేదు. పావుగంట తర్వాత నడవ ఆ చివర నుంచి, చేతులు వెనక్కి కట్టుకుని, పెదాలు కదుపుకుంటూ నడిచొస్తున్నారు. గది దగ్గరికి రాగానే, "పదహారున్నరరా" అన్నారు. బాల్కనీలోకి వెళ్ళి కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. హారన్ మోగింది. రేవు గోడ మెల్లగా పక్కకి జరగడం మొదలైంది. నాన్న చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి, వాచీ చూసి రాసుకున్నారు.

"రైట్ టైం" అన్నారు.