ఎడమవైపు చమ్కీలు ఎందుకు లేచాయంటే

జాకెట్టు మెడ మీద కుట్టిన చమ్కీల వరసని మూడోసారి కూడా విప్పేశాను. ఈసారి ఏడుపు రాలేదు, కారణం దొరికింది కాబట్టి.

మా చిన్నాన్న కూతురి పెళ్లికి బరంపురం పట్టుచీర మీదికి జాకెట్టు. చేతుల మీద కటోరీ (గిన్నెలా నొక్కిన) చమ్కీల బుటీలు రెండు సాయంత్రాల్లో అయిపోయాయి. తంటా అంతా మెడతోనే. రా సిల్కు, గుండ్రటి వెనక మెడ, 4 మి.మీ. సాదా (బల్లపరుపు) చమ్కీ, ఒకదాని మీదికి ఒకటి సగం ఎక్కేలా చేప పొలుసు వరస. కుట్టుకీ కుట్టుకీ 2 మి.మీ. అన్నమాట. మగ్గం మీద, అంటే గుడ్డని బిగించి కుట్టే కర్రల చట్రం మీద, అద్దంలా ఉంది. గుడ్డని మగ్గం నుంచి విప్పగానే ఎడమ వంపులో చమ్కీలు కోడి ఈకల్లా లేచాయి, కుడి వంపులో సందులొచ్చి దారం కనబడింది. పది కుట్లు కొలిస్తే భుజం దగ్గర 20 మి.మీ., ఎడమ 18.5, కుడి 21.

మొదట సరుకుని అనుమానించాను. లూజు ప్యాకెట్లో సాదాతో కటోరీలు కలిసిపోయి ఉన్నాయి. గంటసేపు కూర్చుని ఏరి మళ్లీ కుట్టాను. ఫలితం సున్నా. (పూసలకైతే జపాన్ బ్రాండు మియుకికి ఎంత పెట్టినా బాధ లేదు. చమ్కీకి బ్రాండు చూడను గానీ, ఇకమీదట దారానికి గుచ్చి అమ్మేవే కొంటాను. ఒకప్పుడు, 1930ల్లో, జెలటిన్‌తో చేసిన చమ్కీలుండేవట, తడిస్తే కరిగిపోయేవి. మా గోపాల్‌పూర్ సముద్రపు గాలికి అవి పెళ్లిదాకా ఆగేవా!)

తర్వాత నా చేతిని అనుమానించాను. ఎడమ కిందికి కుడతాను, కుడి పైకి కుడతాను, దారం బిగువులో తేడా వస్తోందేమోనని మూడోసారి కుట్టేటప్పుడు దిశ మార్చాను. అయినా ఎడమవే లేచాయి.

మూడోది విప్పుతుంటే నాన్నమ్మ మగ్గం వైపు చూసి, "నులక మంచం బిగించినట్టు ఒక మూలకే లాగావేమే?" అంది. అప్పుడు వెలిగింది. మిగిలిన గుడ్డ మీద వదులుగా ఉన్నప్పుడే 50 మి.మీ. చదరం గీసి, ఎప్పటిలాగే మగ్గానికి బిగించాను. పక్కలు 51 కూడా దాటలేదు. మూలల మధ్య కొలత మాత్రం రెండు వైపులా 71 ఉండాల్సింది, ఒకటి 76, ఇంకోటి 67! చదరం పక్కకి ఒరిగిపోయిందన్నమాట. ఎడమ వంపు సాగిన మూలన పడింది, విప్పితే కుంచించుకుని చమ్కీలను పైకి తోసింది. కుడి వంపు నొక్కుకున్న మూలన పడింది, విప్పితే విచ్చుకుంది. భుజం దగ్గర వరస నిలువు పోగు వెంట ఉంటుంది కాబట్టి దానికేమీ కాలేదు.

నిన్న అంచున ఒక పేక పోగు (అడ్డ పోగు) లాగేసి, ఆ గీతనే మగ్గం కర్రకి ఆనించి కుట్టాను. పక్క తాళ్లు ఒకేవైపు చివరిదాకా బిగించకుండా ఎడమొకటి, కుడొకటి బిగించుకుంటూ వచ్చాను. చదరం మూలల మధ్య ఈసారి 72, 71. ఎడమ వంపులో ఇరవై చమ్కీలు వేసి విప్పి చూస్తే పడుకునే ఉన్నాయి. మెడ అడుగున మలుపులో మాత్రం ఐదారు ఇంకా లేస్తున్నాయి. అక్కడ 3 మి.మీ. చమ్కీ వేసి 1.5 దూరంలో కుట్టి చూడాలి.

అది కుదిరితే చేతుల అంచుకి పాయెట్లు, అంచున చిల్లుండి వేలాడే పెద్ద చమ్కీలు, 10 మి.మీ.వి. పెళ్లికూతురు గలగలలాడాలంటోంది. ఒక్కో చేతికి ఎన్ని పడతాయో రేపు కాగితం మీద గీసి లెక్కేస్తాను.